నెత్తికెక్కిన పంటినొప్పి

"దీని తలకాయల గడ్డ గిట్ల ఉన్నదంటే ఏం జేయాలె?"

సుకన్య ఈ మాట అడిగింది పొయ్యి మీది పాలను. వంటింట్లో ఇంకెవరూ లేరు. పాలకు జవాబు చెప్పే ఉద్దేశం ఉన్నట్టు కనబడలేదు గనక ఇంకో ప్రశ్న మనసులోనే వేసుకుంది. గడ్డ లేదు, నరం చెడిందంటే? నరం కూడా బాగానే ఉంది గానీ రోగానికి పేరే దొరకడం లేదంటే? పేరు దొరకని రోగం అన్నింటికంటే చెడ్డది. ఏడో తరగతి దాకా చదివిన సుకన్యకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆమెకే తెలుసు. ఆకాశంలో మబ్బు లేకపోతే కరువని, మబ్బు పడితే కళ్లంలో ఆరబోసిన పసుపు తడుస్తుందని భయపడగల మనిషి.

ఆ పొద్దుటి పథకం నిజానికి చిన్నదే. కూతురు స్నేహలతను తీసుకుని బోధన్ మీదుగా నిజామాబాద్ పోవాలి. పిల్లల డాక్టర్‌కు చూపించాలి. చేలో పసుపు ఉడకబెట్టిస్తున్న మొగుడు రాజశేఖర్ ఇంటికొచ్చే లోపల తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు బియ్యంలో రాళ్లేరుతూ కూర్చోవాలి.

నాలుగో తరగతి చెప్పే శ్యామల టీచర్ మొన్న ఆమెను పిలిపించింది. పిల్ల తెలివైందే, నోటిలెక్కలు అందరికంటే ముందు చెబుతుంది. కానీ రాసే లెక్కను సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి పోతుంది. కూర్చోబెడితే పిల్లతోపాటు బెంచీ కూడా కదులుతుంది. పెన్సిళ్లు, టిఫిన్ మూతలు, ఒకసారి కాలికున్న చెప్పు కూడా పోగొట్టుకుంది. ఇది అల్లరి కాదమ్మా, ఏడీహెచ్‌డీ అని ఒకటుంటుంది, అది కావచ్చు, అవునో కాదో చెప్పాల్సింది నేను కాదు, డాక్టర్లు అంది టీచర్. సుకన్య చెవిలో చివరి మాటే నిలిచిపోయింది. డాక్టర్ కాదు, డాక్టర్లు.

ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడానికి కారణం అత్త హన్మవ్వ. దసరా తర్వాత బడి నుంచి ఒకసారి ఫిర్యాదు వచ్చినప్పుడే ఆమె తేల్చేసింది. "ఇంకోపాలి బడికెల్లి మాటొచ్చిందంటే బడి బంద్. నా మనుమరాలు నాతోని కళ్లంల ఉంటది." హన్మవ్వ ఏ పనీ చివరిదాకా చేయదని ఊరందరికీ తెలుసు. చాట పట్టుకుని బియ్యం చెరగడం మొదలుపెడుతుంది. కోడి అరిచిందని పెరట్లోకి పోతుంది. అక్కడ కొడవలి కనబడితే గడ్డికి బయల్దేరుతుంది. దారిలో ఎవరితోనో మాటల్లో పడి, పొద్దుగూకే వేళకు గడ్డీ లేకుండా కొడవలీ లేకుండా ఎవరిదో మేకపిల్లను చంకనేసుకుని తిరిగొస్తుంది. చాట ఎక్కడ పెట్టిందో ఇంటిల్లిపాదీ వెతకాలి. కానీ ఏదైనా బంద్ పెడతానంటే మాత్రం పెట్టి తీరుతుంది. కూతురి చదువు ఆ నోటి మాట మీద ఆగి ఉందని సుకన్యకు తెలుసు.

అందుకని అబద్ధమాడింది. పన్ను గుంజుతున్నదని, పండ్ల డాక్టర్ దగ్గరికి పోయొస్తానని, తోడుకు పిల్లను తీసుకపోతానని చెప్పింది.

"ఏ పన్ను?" అంది హన్మవ్వ.

"గీ ఎడమదిక్కు, ఎనుకది."

హన్మవ్వ కోడలి నోరు తెరిపించి లోపలికి చూసింది. లవంగం పెడతానని డబ్బా అందుకుంది. డబ్బా మూత తీస్తుండగా బర్రె అరిచింది. మూత చేతిలోనే పట్టుకుని కొట్టం వైపు నడిచింది. సుకన్య ఆ సందులో కూతురి చెయ్యి పట్టుకుని బయటపడింది.

బస్సుల దగ్గర పక్కింటి బిందుమాధవి కలిసింది. ఆమెది తాతల నాడే కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన ఇల్లు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినా మాటలో ఆ యాస పోలేదు. పన్ను సంగతి వినగానే ఆమె ముఖం మారింది.

"పన్నే కదా అని తేలిగ్గా తీసుకోకు సుకన్యా. మా పెదనాన్నగారికీ పన్నుతోనే మొదలైంది."

ఏం మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పే లోపల సుకన్య ఎక్కాల్సిన బస్సు వచ్చింది. లేని పంటినొప్పి గురించి సుకన్య నిజామాబాద్ దాకా భయపడుతూ కూర్చుంది. స్నేహలత కిటికీ పక్కన కూర్చుని, తర్వాత నిలబడి, ఆ తర్వాత కండక్టర్ వెనకాల నడుస్తూ వెళ్లి బస్సులో వాళ్లందరి ఊళ్లూ కనుక్కుని వచ్చింది.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో దవాఖాన లేని ఇల్లు వెతుక్కోవాలి. పిల్లల డాక్టర్ నెమ్మదస్తుడు. స్నేహలత బరువు చూశాడు, ఎత్తు చూశాడు, ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాట్లాడింది, నిద్ర ఎట్ల పోతుంది, ఎప్పుడన్నా ఫిట్స్ వచ్చాయా అని అన్నీ అడిగాడు. అడుగుతున్నంతసేపూ పిల్ల ఆయన బల్ల మీది గుండె బొమ్మను ముక్కలుగా ఊడదీసి, మళ్లీ పెట్టేసింది. ఒక్క ముక్క మిగిలింది. ఆయన కోప్పడలేదు. ఆ ముక్కను జేబులో వేసుకుని, ముందు చెవులు, కండ్లు చూపించుకు రండి, సరిగ్గా వినబడకపోయినా, బోర్డు కనబడకపోయినా పిల్లలు ఇట్లనే ఉంటారు, అవి బాగుంటే సైకాలజిస్టును కలవండి అని చెప్పాడు.

సుకన్య కూతురిని దగ్గరికి లాక్కుంది.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. వాళ్ల వైపు డాక్టర్ 'ఇంకో డాక్టర్‌కు రాసిండు' అంటే దానికి ఒకటే అర్థం. ఆమె మామకు కడుపునొప్పి వస్తే ఊళ్లో సూదిమందు ఇచ్చేవాడు బోధన్‌కు రాశాడు. బోధన్ డాక్టర్ నిజామాబాద్‌కు రాశాడు. నిజామాబాద్ వాళ్లు హైదరాబాద్‌కు రాశారు. హైదరాబాద్ వాళ్లు ఎవరికీ రాయలేదు, అంబులెన్స్‌లో ఇంటికి పంపించారు. ఆ ఊళ్లో చుట్టాలు రోగిని చూడ పోయే పద్ధతి కూడా దీన్ని బట్టే ఉంటుంది. ఒక డాక్టర్ రాస్తే అరటిపండ్లు తీసుకుపోతారు. ఇద్దరు రాస్తే ఆపిల్ పండ్లు, బ్రెడ్డు. ముగ్గురు రాస్తే పుట్టింటికి ఫోన్లు పోతాయి. నలుగురు రాస్తే ఎవరూ ఏమీ తేరు, మనుషులే వస్తారు.

దవాఖాన మెట్ల మీద ఉండగానే మొగుడు ఫోన్ చేశాడు. వెనక పసుపు ఉడికే బాయిలర్ చప్పుడు. డాక్టర్ ఏమన్నాడని అడిగాడు. కంగారులో సుకన్య నోటికి నిజమే వచ్చింది.

"చెవుల డాక్టర్‌కు రాసిండు."

"పన్నుకు చెవుల డాక్టర్ ఏంది?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు తన పన్ను. "రెండు దగ్గర దగ్గరనే ఉంటయట," అని ఫోన్ పెట్టేసింది.

చెవుల దవాఖానలో స్నేహలత చెవులకు ఏదో తగిలించి, సన్నని చప్పుళ్లు వినిపించారు. అన్నీ విన్నది. పక్క గదిలో ఇద్దరు నర్సులు చాయ్‌లో చక్కెర తక్కువైందని గుసగుసలాడుకున్నది కూడా విని, వాళ్లకు వెళ్లి చెప్పి వచ్చింది. చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు డాక్టర్. వేరే తల్లి అయితే సంతోషించేది. సుకన్య లెక్క వేరు. చెవిలో ఉంటే చెవితో పోయేది, చెవిలో లేదంటే ఇంకా లోపలికి పోయిందన్నమాట.

కండ్ల దవాఖానలో వరుసలో కూర్చున్నప్పుడు మళ్లీ ఫోన్. ఎక్కడున్నవంటే చెప్పింది. బాయిలర్ చప్పుడులోంచి రాజశేఖర్ గొంతు వచ్చింది, అంతకుముందెన్నడూ ఆమెతో మాట్లాడనంత మెత్తగా.

"పన్నుకెల్లి చెవికి, చెవికెల్లి కంటికి. సుకన్యా, నువ్వు నా నుంచి ఏమన్న దాస్తున్నవా?"

దాస్తున్న మాట నిజమే గనక ఆమె కాదనలేకపోయింది. ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ నిశ్శబ్దం చాలు ఆయనకు. బాయిలర్‌ను పాలేరు మీద వదిలేసి, సగం ఉడికిన పసుపును సగంలోనే ఉంచి, రాజశేఖర్ తల్లి దగ్గరికి నడిచాడు. అదే సమయానికి హన్మవ్వ తీసుకుపోయిన తన చాట వెతుక్కోవడానికి వచ్చిన బిందుమాధవి కూడా అక్కడే ఉంది. పెదనాన్నగారి కథ పూర్తిగా చెప్పే అవకాశం ఆమెకు అప్పుడు దొరికింది.

కండ్లు కూడా బాగున్నాయి. సుకన్య గుండె ఇంకో మెట్టు దిగింది.

పిల్లల డాక్టర్ చెప్పిన సైకాలజిస్టు గది రెండంతస్తుల ఇంట్లో కింద ఉంది. మెట్ల పక్కన బోర్డు. కింద, కల్యాణి, సైకాలజిస్ట్. పైన, మానసిక వైద్య నిపుణులు. సుకన్య ఆ బోర్డు చదివి, కొంగుతో మూతి మూసుకుని, వీధి అటూ ఇటూ చూసింది. ఊరివాళ్లెవరైనా కనబడితే చచ్చానే అనుకుంది. ఎవరూ కనబడలేదు. ఈ వీధికి వచ్చేవాళ్లందరూ ఎవరికీ కనబడకూడదనే వస్తారు గనక ఒకరినొకరు చూసుకోరు.

లోపల కూర్చున్న అమ్మాయి పేరు రాసుకుని, ఇవాళ కల్యాణి మేడం చూస్తారు, తర్వాత పైన సైకియాట్రిస్టు సారును కూడా కలవాల్సి ఉంటుంది అని మర్యాదగా చెప్పింది. మూడోసారి ఫోన్ మోగింది. సుకన్య ఎత్తి, "ఖలీల్‌వాడిల కల్యాణి మేడం దగ్గరున్న, పైన తలకాయ డాక్టర్‌ను గూడ కలవాలన్నరు," అంది. అంతవరకే అనగలిగింది. తర్వాత అంతా ఏడుపే. లోపలికి పోయేముందు ఫోన్లు బంద్ పెట్టాలని ఆ అమ్మాయి చెబితే, బంద్ పెట్టేసింది.

పంటి దగ్గర మొదలైన నొప్పి అట్లా నెత్తికెక్కింది. ఇంటివాళ్ల లెక్క తేలింది: పన్ను, చెవి, కన్ను, తలకాయ, నలుగురు.

కల్యాణి వయసు పెద్దదేమీ కాదు. ముందు స్నేహలతతో మాట్లాడింది. రంగు బిళ్లలిచ్చి ఆడించింది, బొమ్మలు చూపించి అడిగింది, ఒక పని చెప్పి ఎంతసేపు చేస్తుందో చూసింది. తర్వాత సుకన్యను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది. మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తుందా? వస్తువులు పెట్టిన చోటు మర్చిపోతుందా? ఎవరన్నా మాట్లాడుతుంటే మధ్యలో దూరుతుందా? కూర్చున్న చోట కాలు ఊపుతూనే ఉంటుందా? ఇంట్లోనూ ఇట్లనేనా, బళ్లో మాత్రమేనా? ఎన్నేండ్ల నుంచి?

సుకన్య ప్రతిదానికీ అవును అంది. అంటూ అంటూ ఒక చోట ఆగింది. ఆమె కళ్ల ముందు స్నేహలత లేదు. లవంగాల డబ్బా మూత చేతిలో పట్టుకుని బర్రె దగ్గరికి పోతున్న ఎవరో ఉన్నారు. ఆ ఆలోచనను వెంటనే తోసేసింది. అత్తకు రోగమంటే తన ప్రాణానికే రోగం.

"మేడం, నాకొక్కటి చెప్పుండ్రి," అంది చివరికి. "ఒకరి ఎన్క ఒకరు రాస్తనే ఉన్నరు. ఆశ లేకనేనా?"

కల్యాణికి మొదట అర్థం కాలేదు. మామ కథ విన్నాక అర్థమైంది. కుర్చీ కొంచెం ముందుకు లాక్కుంది.

పిల్లల డాక్టర్ ఒంట్లో ఇంకేమన్నా కారణం ఉందేమో చూశాడని, చెవి, కన్ను వాళ్లు అవి అడ్డం పడటం లేదని తేల్చారని చెప్పింది. తాను మందులిచ్చే డాక్టర్ కాదు. పిల్ల మనసు ఎట్లా పని చేస్తుందో చూడటం, బళ్లో టీచర్‌తో మాట్లాడటం, పిల్లకు ఒక పని ఎట్లా చెబితే పూర్తి చేస్తుందో అమ్మానాన్నలకు నేర్పడం తన పని. పైన సారు సైకియాట్రిస్టు, అంటే మనసుకు సంబంధించిన డాక్టర్. అందరూ చూసింది విని, ఇది ఏడీహెచ్‌డీ అవునో కాదో చెబుతారు, మందు కావాలా వద్దా అనేది ఆయనే చూస్తారు. మందు అందరికీ అక్కర్లేదు. రాయడం, కుదురుగా ఒక పనిలో ఉండటం సాధన చేయించడానికి అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్టు అని ఇంకొకరుంటారు.

"ఇంకొకరా?" అంది సుకన్య నీరసంగా.

"మీది పసుపు గదా. ఉడకబెట్టెటాయన ఉడకబెట్టి, మెరుగు పట్టెటాయనకు పంపిస్తడు. ఆయన మార్కెట్‌కు పంపిస్తడు. ఉడకబెట్టినాయన చేతులెత్తేసిండనుకుంటరా?"

సుకన్య ఆలోచించింది. కొమ్ములు తవ్వేది కూలీలు, ఉడకబెట్టేది బాయిలర్, ఆరబెట్టేది ఎండ, మెరుగుపట్టేది డ్రమ్ము. ఒకరి దగ్గరి నుంచి ఒకరి దగ్గరికి పోతుంటే పసుపు బాగవుతూనే పోతుంది. పసుపు మార్కెట్‌కు పోతోందని ఏ ఇంట్లోనూ ఏడ్వలేదు. ఏడ్చింది ఒక్కసారే, వాన కురిసినప్పుడు, అదీ తానే. ఆ పూటకు మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చింది. వెంటనే అంత తేలిగ్గా ఉన్నందుకు భయమేసి ఫోన్ తెరిచింది.

ఎత్తని ఫోన్లు తెర నిండా ఉన్నాయి. మొగుడివి, తమ్ముడివి, పేరు రాని నంబర్లవి. మొగుడికి చేసింది. నేను మంచిగున్న, ఏం లేదు, వస్తున్న అని చెప్పబోయింది. ఆయన మాట్లాడనివ్వలేదు.

"భయపడకు. వచ్చేసినం. రైల్వే స్టేషన్ దాటినం."

"ఎవరెవరు?"

"అందరం."

సుకన్య లేచి నిలబడింది. అత్త ఈ గుమ్మంలోకి వస్తుంది. ఎందుకొచ్చినవంటే బడి మాట చెప్పాలి. బడి మాట చెబితే బడి బంద్. ఈ ఇంటికి వెనక నుంచి తోవ ఉందా అని కల్యాణిని అడిగింది. ఉంది గానీ అది పైన సైకియాట్రిస్టు గదిలోకే పోతుంది అంది కల్యాణి.

బొలెరో వచ్చి గుమ్మం ముందు ఆగింది. ముందు సీటులో రాజశేఖర్, ఒంటి నిండా పసుపు, మోచేతుల దాకా పచ్చగా, తానే ఏదో పెద్ద రోగంతో వచ్చినవాడిలా. వెనక బిందుమాధవి, ఆడబిడ్డలు, పెద్దమామ కొడుకులు, బ్రెడ్డు పట్టుకుని ఒకరు, కొబ్బరిబోండాం పట్టుకుని ఒకరు. నలుగురు రాస్తే ఏమీ తేకూడదని వాళ్లకు తెలుసు. కానీ బయల్దేరేసరికి ముగ్గురే అయ్యారు, నాలుగోవాళ్ల సంగతి తోవలో తెలిసింది. బస్టాండ్ వైపు నుంచి ఆటోలో సుకన్య తల్లి తిరుపతమ్మ దిగింది. భీమ్‌గల్ నుంచి, లింబాద్రి గుట్ట గుడి కుంకుమ కొంగున కట్టుకుని, ఎవరు ఏమిటని అడగకుండానే ఏడుస్తూ వచ్చి కూతురి నుదుటి మీద కుంకుమ అద్దింది. పక్కన ఉన్న, పేర్లు రాసుకునే అమ్మాయికి కూడా అద్దింది.

బొలెరోలోంచి అందరికంటే ముందు దిగిన హన్మవ్వ అప్పటికే లోపల ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడకున్న స్విచ్చి నొక్కింది, ఫ్యాన్ ఆగింది. మళ్లీ నొక్కింది. టీపాయ్ మీది పుస్తకాలు సర్దడం మొదలుపెట్టి, సగంలో వదిలేసి, కూజాలోంచి నీళ్లు వంచుకుని, గ్లాసు కిటికీలో పెట్టేసి వచ్చి కోడలి ముందు నిలబడింది. నోరు తెరువు అంది.

సుకన్య నోరు తెరిచింది. వేలు పెట్టి చూపించింది.

"పొద్దుగాల ఎడమదిక్కు అన్నవు," అంది హన్మవ్వ. "గిది కుడిదిక్కు."

"పాకిందన్నమాట," అంది బిందుమాధవి గొంతు తగ్గించి. వెనక ఎవరో చీరకొంగు కళ్లకద్దుకున్నారు.

రాజశేఖర్ పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి నలుగురిలో ఆమె చెయ్యి పట్టుకోని మనిషి. హైదరాబాదే కాదు, ఎక్కడికైనా తీసుకపోతానని, భూమి పోయినా సరేనని అన్నాడు. పచ్చని ఆ వేళ్లు తన మణికట్టుకు మరకలు చేస్తుంటే సుకన్యకు తన అబద్ధం ఎంత పెరిగిందో అప్పుడు కనబడింది. చిన్న పన్ను అనుకున్నది ఇంత మందిని ఇక్కడికి తోలుకొచ్చింది. ఒక్క మాటతో అందరికీ ప్రాణం లేచొస్తుంది. అదే మాటతో పిల్ల బడి పోతుంది. ఆమె నోరు తెరిచి మూసింది.

ఆ మాట ఇంకొకరి నోటి నుంచి వచ్చింది. లోపలి గది తలుపు తోసుకుని స్నేహలత పరుగెత్తుకొచ్చింది. చేతిలో రంగు బిళ్లలు, ఎడమకాలికి చెప్పు లేదు.

"నానమ్మా, డాక్టర్లు నాకే. అమ్మ పన్ను మంచిగనే ఉన్నది. శ్యామల టీచర్ పంపింది."

తిరుపతమ్మ ఏడుపు మధ్యలో ఆపేసింది, ఎవరి కోసం ఏడ్వాలో తెలియక. బ్రెడ్డు పట్టుకున్న ఆయన దాన్ని ఎవరికివ్వాలో తోచక అటూ ఇటూ చూశాడు.

"బడోళ్లు పంపిండ్రా?" అంది హన్మవ్వ.

తల దించుకునే సుకన్య అన్నీ చెప్పేసింది. టీచర్ మాట, తన అబద్ధం, చెవులు, కండ్లు, పైన సారు. చివరికి తలెత్తింది. అత్త ఎదుట అట్లా తలెత్తడం ఆమెకు అదే మొదటిసారి. "ఇంట్ల నన్నేమన్న అను అత్తా. బడి మాత్రం బంద్ పెట్టొద్దు. పిల్ల నోటిలెక్కలు అందరికంటే ముంగట చెప్తదట."

హన్మవ్వ కోడలి వైపు కాకుండా మనుమరాలి చెప్పు లేని కాలి వైపు చూసింది.

అప్పటికి కల్యాణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇంతమంది వచ్చింది మంచిదే అయింది, మాకు ఒక సంగతి తెలియాలి అంది. ఇది కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వస్తుందని, అది ఎవరి తప్పూ కాదని, తెలిస్తే పిల్లకే మేలని చెప్పి అడిగింది: "ఈ ఇంట్ల చిన్నప్పుడు ఇంకెవరన్నా గిట్లనే ఉండెనా?"

రాజశేఖర్ తన పచ్చని చేతులు చూసుకున్నాడు. పెద్దమామ కొడుకులు ఫ్యాన్ వైపు చూశారు. ఆడబిడ్డలు ఒకరి భుజం ఒకరు పొడుచుకుని ఊరుకున్నారు. బిందుమాధవికి ఏదో చెప్పాలని ఉంది గానీ ఆమెది ఈ ఇల్లు కాదు. సుకన్య అయితే చూపు ఎక్కడ పెట్టాలో తెలియక నేలకేసి చూసింది. పొరపాటున ఒక మనిషి వైపు చూస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నేల మీద రెండు జతల పాదాలు కనబడ్డాయి. ఒక చెప్పు లేని చిన్న పాదాలు, వాటి పక్కన కాళ్ల కడియాల పెద్ద పాదాలు. నాలుగూ ఒకే తాళంలో కదులుతున్నాయి.

పెద్ద పాదాలు ఆగాయి.

హన్మవ్వ మనుమరాలి చేతిలోంచి బిళ్లలు తీసుకుని, కిటికీలో పెట్టబోయి, మళ్లీ పిల్ల చేతిలోనే పెట్టింది. గోడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. చుట్టాలందరూ ఆమె కూర్చోవడం చూశారు.

"నేనే," అంది చివరికి. "మూడో తరగతిల పంతులు నన్ను కిటికీకి కట్టేసిండు, కదలకుంట. నేను కిటికీ ఊడబీక్కొని ఇంటికొచ్చిన. మా బాపు మళ్ల బడికి పంపలే. గందుకే అన్న, మాటొస్తే బంద్ అని. దీన్ని గూడ కడ్తరేమో అనుకున్న." కొంచెం ఆగి కల్యాణి వైపు చూసింది. "మీరైతే కట్టరు గదా?"

కట్టం అంది కల్యాణి.

హన్మవ్వ లేచి పైమెట్ల వైపు నడిచింది. నాలుగు మెట్లెక్కి, వెనక్కి తిరిగి, మనుమరాలి చెప్పు ఎక్కడుందో వెతకమని అందరికీ చెప్పి, ఆ మాట పూర్తికాకముందే పైకెక్కడం మొదలుపెట్టింది.

పండ్ల డాక్టర్ దగ్గరికి మాత్రం ఆ రోజు ఎవరూ పోలేదు.